ఇరవై ఒకటో చువ్వ

మా ఊళ్లో దెయ్యమంటే భయం లేని మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. పందెం కట్టి తెల్లదొర సమాధి మీద రాత్రంతా పడుకుని వచ్చిన చరిత్ర నాది. రాత్రంతా అంటే, సాయంత్రం ఆరింటికి వెళ్లి ఆరుంపావుకి వచ్చేశాను. పడుకోవడమంటే, కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఆ పావుగంట కూడా మా అత్త గేటు బయట నిలబడి "చాల్లే రారా, వెధవా" అని పిలుస్తూనే ఉంది. అయినా చరిత్ర చరిత్రే.

ఆ సమాధి సంగతి ముందు చెప్పాలి. ఈ ఊరు పుట్టిందే ఆ దొర వల్ల. నాలుగు తరాల కిందట ఎక్కడో చల్లటి గదిలో ఎవరో కాగితం మీద స్కేలు పెట్టి ఒక గీత గీశారు. ఆ గీతని నేల మీదికి దింపడానికి ఈయన గుర్రమెక్కి వచ్చాడు. గీత ఆగిన చోట లాయం కట్టాడు, లాయం చుట్టూ ఊరు మొలిచింది. ఇటు కొండ. దాని మీద వాళ్లు జెండా పాతిన దిమ్మె. జెండా ఎప్పుడో పోయింది, ఇప్పుడు దిమ్మె మీద మేకలు ఎక్కి ఠీవిగా నిలబడతాయి. అటు ముళ్లకంచె. కంచెకి అవతల ఇంకో దేశం, అక్కడా ఇలాంటి మేకలే. మధ్యలో ఊబి. నల్లటి బురద, మనిషెత్తు రెల్లు, ఏడాదిలో సగం రోజులు మంచు. ఊబి దాటగానే చిన్న గట్టు, గట్టు మీద మా వీధి, మా వీధి వెనక లాయం గోడ. లాయంలో ఇప్పుడు సరిహద్దు దళం వాళ్లు ఉంటున్నారు.

దొర సమాధి పాలరాయి. ఆయన గురించి రెండు వాక్యాలు చెక్కారు. పక్కనే ఆయన గుర్రం సమాధి. దాని గురించి నాలుగు వాక్యాలు. దాని విశ్వాసం, దాని ధైర్యం, అది వాగు దాటిన తీరు. ఆ గుర్రానికి ముందు నడుం లోతు బురదలో గొలుసు లాక్కుంటూ నడిచినవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. చిన్నప్పుడు అది చదివి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు.

నేను సర్వే ఆఫీసులో గొలుసు లాగే ఉద్యోగిని. మిగతా ప్రపంచమంతా మిషన్లతో కొలుస్తోంది. కంచె దగ్గర అవి పనిచెయ్యవు, రెండు వైపుల సైన్యాలూ సిగ్నళ్లు నొక్కి పెడతాయి. అందుకని మాకు ఇంకా దొర కాలపు సరంజామానే: అరవై ఆరు అడుగుల ఇనప గొలుసు, పది ఇనప చువ్వలు. చువ్వ మూరెడు పొడుగుంటుంది. పైన ఉంగరంలా వంపు, దానికి ఎర్ర గుడ్డపీలిక.

పని చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. ముందువాడు పది చువ్వలూ పట్టుకుని గొలుసు లాక్కుంటూ పోతాడు. గొలుసు బిగిసిన చోట ఒక చువ్వ గుచ్చి "వేశా" అని అరుస్తాడు. వెనకవాడు అక్కడిదాకా వచ్చి, దాన్ని పీకి, ఆ గుంటలో మడమ పెట్టి నిలబడి "తీశా" అంటాడు. పది పూర్తయితే వెనకవాడు ముందుకొచ్చి పదీ ముందువాడి చేతిలో పెడతాడు, మళ్లీ మొదలు. ముందువాడిది వట్టి కాలి బలం. లెక్క మొత్తం వెనకవాడి చేతిలో ఉంటుంది. అతని చేతిలో ఎన్ని చువ్వలుంటే అన్ని గొలుసులు. ఒక్క చువ్వ జారిపోయిందా, అరవై ఆరు అడుగుల నేల కాగితం మీంచి ఎగిరిపోతుంది.

సరిగ్గా ఆ అరవై ఆరు అడుగుల గొడవే మా వీధికి వచ్చి పడింది.

కొండ కింద ఒక సర్వే రాయి, లాయం గోడ దగ్గర ఇంకో రాయి. మధ్య దూరం దొర పటంలో ఇరవై మూడు గొలుసులు. ఆ లెక్కన ఊబి తిన్నగా లాయం గోడకి ఆనాలి. మా వీధికి కాగితంలో చోటే లేదు. ముప్పై ఒక్క ఇళ్లు, రెండు కుళాయిలు, ఒక టైలరింగు షాపు, నన్ను పెంచిన మా అత్త, ఎవరూ లేరు. గోడ ఇవతలికి జరుపుకుంటాం, లేని వీధిని ఖాళీ చేయించండి అని దళం వాళ్లు ఉత్తరం రాశారు. మా సర్వేయరు సారు ఒక్కసారి కొలిపించి చూద్దామన్నాడు. ఇరవై మూడు వస్తే బుల్డోజరు. ఇరవై నాలుగు వస్తే పటం తప్పు.

సారు బీరువాలోంచి దొర కొలతలు రాసుకున్న ఫీల్డ్ బుక్కు తీశాడు. ఆ పేజీలో ఇరవై మూడు అంకె పక్కన, మార్జిన్‌లో, అందమైన వాలు అక్షరాలతో ఒక మాట ఉంది. సారు దాన్ని మన భాషలోకి మార్చి చదివాడు. "చువ్వ ఒకటి పోయింది."

ఆ సాయంత్రం అత్త దగ్గర కూర్చుని దాని మీద జోకేశాను. అత్త దళం వాళ్ల యూనిఫారాలకి బొత్తాలు కుడుతుంది. తన ఇల్లు కూల్చడానికి వచ్చేవాళ్ల చొక్కాలకి తనే బొత్తాలు కుడుతోందన్నమాట.

"పాపం దొర," అన్నాను. "ఒక్క చువ్వ పోతే ఎంత కుమిలిపోయాడో, పుస్తకంలో రాసుకున్నాడు."

అత్త దారాన్ని పళ్లతో తెంపింది. "పోయినప్పుడు ఆ చువ్వ ఎవరి చేతిలో ఉంది?"

"ఎవరి చేతిలో ఏంటి, వెనకవాడి చేతిలో."

"మరి ఆ వెనకవాడేడి?"

నేను కింద పడిన బొత్తాం వెతకడం మొదలుపెట్టాను.

"ఆయన మా తాతకి తండ్రి," అంది అత్త. గొంతు పెంచలేదు. అత్త గొంతు పెంచకపోతేనే భయపడాలి. "మా తాతకి అప్పుడు ఆరేళ్లు. గట్టు మీద కూర్చుని మంచులో నాన్న గొంతు వింటూ ఉన్నాడు. తీశా, తీశా అంటూ ఇరవైదాకా వినిపించింది. ఇరవై ఒకటోసారి... అంతే. చేతిలో చువ్వతో ఊబిలోకి దిగిపోయాడు. ముందువాడు కేకలు పెడుతున్నా మీ దొర గుర్రం దిగలేదు. భోజనం వేళ దాటిపోతోందట. ఇంకొకడికి గొలుసిచ్చి పదండి అన్నాడు. గుర్రం చస్తే రాయి చెక్కించాడురా. మనిషి చస్తే చువ్వ పోయిందని రాశాడు."

"నా దొర కాదు అత్తా."

"వాడి అంకె నమ్మినంత కాలం నీ దొరే. రేపు నువ్వు లెక్కపెట్టు. వాడి లెక్క కాదు, నీ లెక్క."

"నీ బొత్తాల మీద ఒట్టు," అన్నాను. అత్త నవ్వలేదు. సూదిని గుడ్డలోకి దింపిన తీరు చూస్తే, కుడుతున్నట్టు లేదు. పొడుస్తున్నట్టుంది.

మర్నాడు ఉదయం తొమ్మిదయినా తెల్లారినట్టు లేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, చెయ్యి చాపితే వేళ్లు కనపడడం లేదు. నా వెనక గొలుసు పట్టేవాడు నిదానం మామ. ముప్పయ్యేళ్ల సర్వీసు. ఆయన మోకాళ్లు ఆయనకంటే ముందే రిటైరయ్యాయి.

"ఈ మంచులో ఏం కొలుస్తాంరా," అన్నాడు మామ. "టీ తాగి పోదాం పద."

నేను సరే అనబోయాను. మొదటి రాయి పక్కన స్టూలు వేసుకుని అత్త కూర్చుని ఉంది. ఒళ్లో యూనిఫారం, చేతిలో సూది.

"గట్టిగా అరవండి," అంది. "నాకు వినపడాలి. తీశా అన్నప్పుడల్లా ఒక కుట్టు వేస్తాను."

ఇక తప్పేదేముంది? నా ఫీల్డ్ బుక్కు చొక్కా లోపలికి దోపుకుని గొలుసు అందుకున్నాను.

రెల్లు కోసి పరిచిన సన్నటి దారి. అడుగేస్తే కింద నీళ్లు చప్పరిస్తున్నట్టు శబ్దం. అటూ ఇటూ ఏదీ లేదు, తెల్లగా ఉంది. కుళ్లిన రెల్లు వాసన, తడి ఇనుము వాసన. వేశా. తీశా. వేశా. తీశా. నిదానం మామ తీశా అంటే మూలుగుతున్నట్టు ఉంటుంది, గొలుసు ఎప్పుడూ కాస్త వదులుగా వేలాడుతూ వస్తుంది. పదో చువ్వ దగ్గర ఆగాను. మామ ఆయాసపడుతూ వచ్చి పది చువ్వలు నా చేతిలో పెట్టాడు.

"మామా, ఉన్నావా, పోయావా?"

"పోతే నీకు చెప్పే పోతాలే. పద."

పదకొండు, పన్నెండు. పదమూడో చువ్వ వేశాక గమనించాను. గొలుసు వదులుగా లేదు. తీగలా బిగిసి ఉంది.

"ఏంటి మామా, మోకాళ్లు కొత్తవి వేయించావా?"

"తీశా" అని మాత్రం వినిపించింది. గొంతు బొంగురుగా ఉంది, జలుబు చేసిందనుకున్నాను.

పదహారోది నేను గుచ్చుతున్నాను. ఇంకా వేశా అనలేదు. వెనక నుంచి "తీశా" అని వచ్చింది.

పదిహేడు. వాసన మారింది. ఏళ్ల తరబడి మూసి ఉన్న బావి మూత తీస్తే వస్తుందే, ఆ వాసన. రెల్లులో ఒక్క పురుగు కూడా అరవడం లేదు. నా మాట నాకే పెద్దగా వినిపిస్తోంది. జోకులు వేద్దామనుకుంటే ఒక్కటీ గుర్తు రావడం లేదు... నాకు జోకు గుర్తు రాలేదంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి.

ఇరవై.

చువ్వ గుచ్చి ఆగాను. చేతులు ఖాళీ. ఇప్పుడు మామ రావాలి, పదీ నాకివ్వాలి. అడుగుల చప్పుడు వచ్చింది. రెల్లు మీద నడుస్తున్న చప్పుడు కాదు. బురదలోంచి కాలు పీక్కుంటూ... మళ్లీ దింపుతూ... పీక్కుంటూ...

మంచులోంచి ఒక చెయ్యి వచ్చింది.

మోచేతిదాకా నల్లటి బురద. నిదానం మామ చేతికి గడియారం ఉంటుంది. ఈ చేతికి లేదు. అరచేతి మధ్యలో గొలుసు లంకెల ముద్రలు, లోతుగా, చర్మం ఇక ఎప్పటికీ పూడదన్నట్టుగా పడి ఉన్నాయి. చువ్వలు నా చేతిలో పెట్టింది. ఆ వేళ్లు నా వేళ్లకి తగిలాయి. అలాంటి చల్లదనం నేను మళ్లీ ముట్టుకోలేదు.

"లెక్కపెట్టు," అంది మంచు.

గుసగుస. అందులో బతిమాలుకోవడం లేదు. ఒళ్లు మండిపోతున్న మనిషి పళ్లు బిగించి అనే మాట అది.

లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను. "ప... పది."

చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు వినిపించింది, చాలా వెనక నుంచి, సగం దూరం నుంచి, నిదానం మామ అరుపు.

"ఒరేయ్... ఆగరా... గొలుసు నా చేతిలో లేదురా..."

నా చేతిలో గొలుసు టప్పున బిగిసింది.

వెనక్కి పరిగెత్తడానికి లేదు, వెనక ఉన్నదే అది. పక్కకి దూకితే ఊబి. మిగిలింది ముందుకే. నడిచాను. గొలుసు బిగిసిన చోట ఇరవై ఒకటో చువ్వ గుచ్చాను.

"వే... శా."

జవాబు లేదు.

ఆగాను.

జవాబు లేదు... నీటి బుడగలు పగులుతున్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి. గొలుసు కదిలింది. వెనక్కి కాదు. కిందికి.

గొలుసు కొసనున్న పిడి నా మణికట్టుకి బిగుసుకుంది. ఒక్క గుంజు. మోకాళ్ల మీద పడ్డాను. ఇంకో గుంజు. భుజం దాకా బురద. లాగుతున్న చేతిలో ఎంత కోపం ఉందో ఆ గొలుసు లంకె లంకెలో తెలుస్తోంది. ఒకరోజు కోపం కాదు. గుర్రం మీద కూర్చుని భోజనం గురించి ఆలోచించినవాడి మీద కోపం. వాడి అంకెని తరతరాలుగా బీరువాలో దాచి, దుమ్ము దులిపి, నమ్మినవాళ్ల మీద కోపం. అంటే మా ఆఫీసు మీద. అంటే నా మీద.

"లెక్కపెట్టు." ఈసారి మాట బురద లోపలి నుంచి వచ్చింది.

"ఇరవై ఒకటి!" అని అరిచాను. నోట్లోకి బురద పోయింది. ఉమ్మి మళ్లీ అరిచాను. "ఇరవై ఒకటి! ఉంది! ఇరవై ఒకటోది ఉంది!"

గుంజుడు ఆగింది.

తర్వాత, మెల్లగా, గొంతులోంచి ఏళ్ల మట్టి జారిపోతున్నట్టుగా...

"తీశా."

ఆరేళ్ల పిల్లాడు గట్టు మీద కూర్చుని చచ్చేదాకా ఎదురుచూసిన మాట. అంత భయంలోనూ నాకు కోపం వచ్చింది. దేనికో కాదు, ఆ గుర్రం రాయి మీద నాలుగు వాక్యాలకి. లేచాను. ఇరవై రెండు వేశాను. తీశా అంది.

ఇరవై మూడోది పడిన చోట కాళ్ల కింద గట్టి నేల తగిలింది. దొర పటం ప్రకారం రెండో రాయి అక్కడ ఉండాలి. రాయి లేదు. అత్త ఇంటి మెట్టు ఉంది. మెట్టు మీద నేను పొద్దున వదిలేసిన టీ గ్లాసు ఉంది. వీధి అడ్డంగా దాటాను. ఇటు గడప నుంచి అటు గోడదాకా, సరిగ్గా ఒక గొలుసు. కాగితంలో లేని ముప్పై ఒక్క ఇళ్లూ ఆ గొలుసు పొడుగులోనే ఉన్నాయి. లాయం గోడ కింద రాయి తగిలేలా ఇరవై నాలుగో చువ్వ గుచ్చి, తలుపులన్నీ తెరుచుకునేలా అరిచాను.

"వేశా!"

"తీశా." నా చెవి పక్కన.

తిరిగాను. ఎవరూ లేరు. గొలుసు వీధి మీద పాములా వదులుగా పడి ఉంది. అవతలి కొస నల్లగా, తడిగా ఉంది. రాయి పక్కన నాలుగు చువ్వలు వరసగా గుచ్చి ఉన్నాయి. మూడింటికి మా ఎర్ర పీలికలు. నాలుగోదానికి పీలిక లేదు. లావుగా, తుప్పు పొరలు పొరలుగా... పైన ఉంగరం ఇప్పటి ఉంగరాల కంటే పెద్దది. మా పదింట్లో ఒకటి తగ్గింది. అది ఇప్పటికీ దొరకలేదు.

నిదానం మామ పదో చువ్వ గుంట దగ్గర కూర్చుని కనిపించాడు. పదకొండోదానికి ముందే గొలుసు ఎవరో చేతిలోంచి లాక్కున్నారనీ, ఆ తర్వాత తాను ఒక్క తీశా కూడా అనలేదనీ చెప్పాడు. ఆ వారమే సెలవు పెట్టాడు. ఇంకా రాలేదు.

అత్త చుట్టూ తిరిగి కొండ దారిన వచ్చింది. యూనిఫారం జేబు మీద వరసగా ఇరవై నాలుగు కుట్లు.

"పదో దాని తర్వాత నిదానం గొంతు కాదురా," అంది.

"తెలిసీ కూర్చున్నావా? భయం వెయ్యలేదా?"

"మా తాత నాకు ఆ గొంతు అనుకరించి చూపించేవాడు. చిన్నప్పుడు అది వింటూనే నిద్రపోయేదాన్ని." తుప్పు చువ్వని పీకి, దళం వాళ్ల చొక్కాతో తుడిచింది. ఏడవలేదు. "గుర్రానికి నాలుగు వాక్యాలు," అని మాత్రం అంది.

రెండ్రోజుల తర్వాత, ఎండ బాగా కాస్తుండగా, సారు వేరే మనుషుల్ని పెట్టి తనే కొలిపించాడు. ఇరవై నాలుగు. పటం తప్పని పైకి రాశాడు. వీధి నిలబడింది.

ఇదంతా విని నన్ను వీరుణ్ణి అనుకుంటున్నారేమో. వీధిలో చాలామంది అలాగే అనుకుంటున్నారు, నేనూ కాదనడం లేదు. కానీ ఒక సంగతి ఇంతవరకూ అత్తకి కూడా చెప్పలేదు.

మా ఆఫీసులో బల్ల కొలత అని ఒకటుంది. ఊబిలో ఎవడు దిగుతాడని, ముందురోజే బల్ల దగ్గర కూర్చుని పాత పుస్తకం చూసి కొత్త పుస్తకంలో ఎక్కించేస్తాం. దొర పుస్తకం సారు చదివిన ఆ సాయంత్రమే, అత్త ఇంటికి వెళ్లకముందే, నేను పేజీ నింపేశాను. ఇరవై మూడు. పక్కన మార్జిన్‌లో, తమాషాగా ఉంటుందని, దొర మాట కూడా దింపాను: చువ్వ ఒకటి పోయింది. బొత్తాల మీద ఒట్టేసేటప్పటికే ఆ సిరా ఆరిపోయి ఉంది. మంచులో అంత దూరమూ నా చొక్కాలో, గుండెకి ఆనుకుని ఉన్నది ఆ పుస్తకమే. అత్త ఇంటిని బుల్డోజరు కంటే ముందే కూల్చిన కాగితం.

మంచులో కొలిచిన రోజు మధ్యాహ్నమే సారు చెయ్యి చాపితే ఇవ్వక తప్పలేదు. పేజీ తిప్పి కాసేపు చూశాడు.

"ఇరవై నాలుగు, సరే. ఇదేంటయ్యా పక్కన? మీరిద్దరూ తిరిగొచ్చారుగా?"

తొంగి చూశాను. మూడు కొట్టేసి నాలుగు చేసి ఉంది. మార్జిన్‌లో నా వాక్యం లేదు. దాని చోట, ఇంకా తడి ఆరని నల్లటి బురదతో, ఇంకో వాక్యం.

మనిషి ఒకడు పోయాడు.

నేను ఆ రోజు పుస్తకం తెరవనే లేదు. పెన్ను ఇంట్లోనే మర్చిపోయాను. రాత మాత్రం నాది. చివరి అక్షరం తోక కిందికి లాగే నా అలవాటుతో సహా.